పౌర్ణమికీ పగడపు దిబ్బ చేపల గుడ్లకీ లంకె ఏమిటి?

నీటిగది · శుక్రవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. నా ఉప్పునీటి ట్యాంకులో ఒక జత ఓసెల్లారిస్ క్లౌన్ ఫిష్ ఉన్నాయి. మూడు నెలలుగా గుడ్లు పెడుతున్నాయి. ప్రతిసారీ క్యాలెండర్ మీద చుక్క పెడుతూ వచ్చాను. మొదటి బ్యాచ్ పౌర్ణమి వెళ్లిన రెండో రోజు. అక్కణ్ణుంచి వరసగా 13, 12, 14, 13, 12, 13 రోజుల తేడాతో ఇప్పటికి ఏడు బ్యాచులు. పక్షానికోసారి అన్నట్టే ఉంది కదా, చందమామ పనే అని మురిసిపోయాను. మురిసిపోయి ఊరుకోకుండా మూడు వారాల కిందట ‘మూన్‌లైట్’ అని అమ్మే నీలం ఎల్ఈడీ ఒకటి కొని తగిలించాను. రాత్రంతా వెలుగుతుంది. చూడ్డానికి భలేగా ఉంటుంది.

మొదటి ఐదు బ్యాచుల్లో ఎనిమిదో రాత్రో తొమ్మిదో రాత్రో లైట్లు ఆర్పిన గంటా రెండు గంటల్లో పిల్లలు బయటికొచ్చేవి. (వాటిని బతికించుకోలేకపోయాను, అది వేరే ఏడుపు.) లైటు పెట్టాక వచ్చిన రెండు బ్యాచుల్లో మాత్రం గుడ్లు నారింజ రంగు నుంచి నల్లబడ్డాయి, లోపల వెండి చుక్కల్లా కళ్లు కూడా కనబడ్డాయి, తండ్రి చేప రెక్కలతో విసురుతూనే ఉంది, కానీ ఒక్కటీ బయటికి రాలేదు. పది రోజులకి మాయం. తల్లో తండ్రో తినేసినట్టున్నాయి.

నా సందేహాలు రెండు. అసలు చంద్రుడికీ చేపలు గుడ్లు పెట్టడానికీ నిజంగా సంబంధం ఉందా? ఉంటే నా చందమామ ఎందుకు ఎదురుతిరిగాడు?


పోటుపాటు · శుక్రవారం, రాత్రి 10:40

సంబంధం లేకపోవడమేమిటండీ. చంద్రుడు సముద్రం సముద్రాన్నే లాగేస్తున్నాడు, చేప ఒంట్లో ఉన్నదీ నీళ్లే కదా. ఆ గురుత్వాకర్షణకే గుడ్లు వదులుతాయి. మీ ట్యాంకు ఇంట్లో ఉన్నా చంద్రుడి ఆకర్షణకి గోడలు అడ్డం కాదు.


సందేహం నా జన్మహక్కు · శుక్రవారం, రాత్రి 10:58

గోడలు అడ్డం కావు సరే. కానీ పోటు వచ్చేది ‘లాగడం’ వల్ల కాదు, లాగడంలో తేడా వల్ల. భూమికి చంద్రుడి వైపున్న పక్కకీ అవతలి పక్కకీ మధ్య 12,700 కిలోమీటర్ల పైచిలుకు దూరం ఉంది, అందుకే తేడా కనబడుతుంది. పది సెంటీమీటర్ల చేపకి తలకీ తోకకీ మధ్య ఏం తేడా వస్తుంది? చెరువుకే పోటు రాదు, ట్యాంకుకి వస్తుందా? పక్కన మీరు నిలబడితే మీ ఆకర్షణ కూడా లెక్కలోకి తీసుకోవాలి మరి.


లోతునీళ్లు · శుక్రవారం, రాత్రి 11:05

చర్చ తరవాత. నీటిగది గారూ, ముందు ఆ నీలం లైటు పీకేయండి. క్లౌన్ ఫిష్ గుడ్లు పగలాలంటే చీకటి కావాలి. పిల్లల్ని పెంచేవాళ్లు ఎనిమిదో రోజు రాత్రి ట్యాంకు చుట్టూ గుడ్డ కప్పి, గదిలో రూటర్ మీద మిణుకుమనే లైటుకి కూడా టేపు అంటిస్తారు.


తిథిలెక్క · శనివారం, ఉదయం 7:20

మీ అంకెలు చూసి ఉండబట్టలేక లెక్క వేశాను. పౌర్ణమి నుంచి పౌర్ణమికి సగటున 29.53 రోజులు, పక్షం అంటే 14.77. మీ ఆరు తేడాలు కలిపితే 77 రోజులు. అంటే సగటు 12.8.

రెండు రోజులే కదా తేడా అనుకోకండి, అది పోగవుతుంది. మొదటి బ్యాచ్ పౌర్ణమి దాటిన రెండో రోజు. రెండోది సరిగ్గా అమావాస్యకి. ఇక్కడిదాకా మీ మాటే నిజం. మూడోది పౌర్ణమికి రెండున్నర రోజుల ముందు. నాలుగోది అమావాస్యకి మూడు రోజుల ముందు. ఐదోది పౌర్ణమికి ఐదు రోజుల ముందు. ఆరోది బహుళ అష్టమి దగ్గర పడింది. ఏడోది అమావాస్య దాటిన ఐదో రోజు. ఇలా మెల్లగా జారుకుంటూ నెలంతా తిరిగేస్తున్నాయి. చంద్రుడికి కట్టుబడ్డ చేప ఇలా జారదు. మీ చేపలు వాటి ఒంటి లెక్క ప్రకారం, తిండి బాగుండి, నీళ్లు వెచ్చగా ఉండి, తరవాతి గుడ్లు తయారవగానే పెడుతున్నాయి. అంతే.


నీటిగది · శనివారం, ఉదయం 8:02

నాలుగో చుక్క దగ్గరే నాకూ కొంచెం అనుమానం వచ్చింది, కానీ నమ్మాలనిపించక పక్కన పెట్టాను. లైటు పీకేశాను. మరి చంద్రుడి కథంతా ఉత్తదేనా?


ఓటోలిత్ · శనివారం, ఉదయం 9:45

ఉత్తది కాదు. మీ ట్యాంకులో లేదు, అంతే. నేను చేపల లార్వాల (గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లల) మీద పనిచేస్తాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

పగడపు దిబ్బల మీద చాలా జాతులు నెలలో ఫలానా రోజుల్లోనే గుడ్లు పెడతాయి. అయితే అన్నీ పౌర్ణమికే అనుకోవడం పొరపాటు. కరీబియన్ ప్రాంతంలో నసావు గ్రూపర్ శీతకాలంలో, ముఖ్యంగా డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య, పౌర్ణమి చుట్టుపక్కల రోజుల్లో. ఒకినావా దగ్గర తేనెపట్టు గళ్ల గ్రూపర్ పౌర్ణమి దాటిన కొద్ది రోజులకి. అక్కడే ఉండే రాబిట్‌ఫిష్‌లలో బంగారు చుక్కల రకం శుక్లపక్షం అష్టమి ప్రాంతంలో. దాని దాయాది జాతులు కొన్ని అమావాస్యకి, కొన్ని బహుళ అష్టమికి. ఒకే ప్రజాతి, ఒకే దిబ్బ, తలా ఒక తిథి.

అసలు పట్టించుకోనివీ ఉన్నాయి. కరీబియన్‌లోనే బ్లూహెడ్ రాస్ అనే చిన్న చేప ఏడాది పొడుగునా దాదాపు రోజూ పగటిపూటే గుడ్లు వదులుతుంది. దానికి చంద్రుడూ లేడు, చవితీ లేదు.

ఇంకో మాట. పౌర్ణమి దాటిన కొన్ని రాత్రులకి గ్రేట్ బారియర్ రీఫ్‌లో పగడాలన్నీ ఒకేసారి గుడ్లు వదలడం గురించి చాలామంది విని ఉంటారు. 1980ల మొదట్లో శాస్త్రజ్ఞులు గమనించిన సంగతి అది. అది పగడాల సంగతి. చేపలది వేరే కథ. నెట్‌లో రెండూ కలిపి వండేస్తున్నారు.


లోతునీళ్లు · శనివారం, మధ్యాహ్నం 1:30

నేను శాస్త్రజ్ఞుణ్ణి కాదు, నీళ్లలో దూకేవాణ్ణి. చూసింది చెప్తాను.

ఒక దిబ్బ అంచున, లోతు ఒక్కసారిగా పడిపోయే చోట, పొద్దుగూకే ముందు దిగాం. పౌర్ణమి మర్నాడు. సర్జన్ ఫిష్‌లు వందల్లో చేరాయి, ఇసకేస్తే రాలనంత. మామూలుగా దిబ్బ మీద నాచు గీకుతూ ఎవరి గోల వాళ్లదిగా ఉండేవి అన్నీ ఒకే వైపు, గుండ్రంగా తిరుగుతున్నాయి. ఒంటి రంగు పాలిపోయింది. వెలుతురు తగ్గుతున్నకొద్దీ గుంపు మెల్లగా పైకి లేచింది. ఉన్నట్టుండి గుంపులోంచి ఐదారు చేపలు విడిపోయి బాణంలా పైకి దూసుకెళ్లాయి, అంతెత్తున ఠక్కున వెనక్కి తిరిగాయి. అవి తిరిగిన చోట అరచేతంత తెల్లటి మబ్బు. పాలచుక్క నీళ్లలో వేసినట్టు. కళ్లు ఆర్పేలోపు ఇంకో నలుగురు, ఇంకో ఆరుగురు. పదిహేను నిమిషాల్లో నీళ్లు మసకబారాయి. ఆ మబ్బుల్లోకి చిన్న చిన్న ఫ్యూజిలియర్ చేపలు నోళ్లు తెరుచుకుని దూరుతున్నాయి, గుడ్ల కోసం. చీకటి పడేసరికి అంతా సద్దుమణిగింది.

వారం పోయాక అదే చోటికి, అదే వేళకి మళ్లీ దిగాం. ఏమీ లేదు. నాలుగు సర్జన్ ఫిష్‌లు నాచు గీక్కుంటున్నాయి.


పోటుపాటు · శనివారం, సాయంత్రం 6:15

ఆకర్షణ ఒంటిని లాగుతుందన్నది తప్పే, ఒప్పుకుంటాను. కానీ పోటు సంగతి వదలను. పౌర్ణమికీ అమావాస్యకీ సూర్యచంద్రులు ఒకే గీతలోకి వస్తారు, పోటు ఎక్కువ, పాటు ఎక్కువ. పోటు దిగేటప్పుడు నీళ్లు దిబ్బ మీంచి జోరుగా లోతు సముద్రంలోకి పోతాయి. లోతునీళ్లు గారు చెప్పిన ఫ్యూజిలియర్ల నోళ్ల నుంచి గుడ్లు తప్పించుకోవాలంటే ఆ ప్రవాహం ఎక్కడమే మార్గం. ఆ గుడ్లు మిల్లీమీటరు కూడా ఉండవు, వాటంతట అవి ఈదలేవు. అందుకే చేపలు పెద్ద పోటు రోజులు చూసుకుని, అందులోనూ దిబ్బ అంచున, అదీ పొద్దుగూకాక వదులుతాయి. ఇంతకన్నా ఏం కావాలి?


ఓటోలిత్ · శనివారం, రాత్రి 9:10

చాలా ఏళ్లపాటు అందరూ చెప్పిందీ ఇదే. తప్పని అనను. చాలాచోట్ల పోటు దిగే వేళకీ గుడ్లకీ లంకె ఉంది. కొన్ని రాస్ జాతులు రోజూ పోటు వేళ జరుగుతున్నకొద్దీ తమ వేళనీ జరుపుకుంటాయి. కానీ అన్నిటికీ ఇదే తాళంచెవి కాదు.

మోరియా ద్వీపాన్ని చూడండి, పసిఫిక్ సముద్రంలో తాహితీ పక్కన. అక్కడ పోటు చంద్రుడి మాట దాదాపు వినదు. సముద్రంలో ఆ ప్రాంతం చంద్రుడి పోటు చాలా బలహీనంగా ఉండే చోట పడింది. అందుకని సూర్యుడి పోటే మిగిలింది. రోజూ మధ్యాహ్నం 12 ప్రాంతంలో ఒకసారి, అర్ధరాత్రి ప్రాంతంలో ఒకసారి పోటు. అదీ అడుగు లోపే. మిగతా ప్రపంచంలో పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంటే అక్కడ గడియారంలా అదే వేళకి వస్తుంది.

అయినా అక్కడి సిక్స్‌బార్ రాస్ చంద్రుడి లెక్కన గుడ్లు పెడుతుంది. ఎక్కువ గుడ్లు అమావాస్యకి. పోటు కాకపోతే ఇంకేం మిగిలింది? వెలుతురే.

కరీబియన్‌లో కూడా చాలాచోట్ల పోటుపాట్ల తేడా అరమీటరు ఉండదు, అక్కడి గ్రూపర్లూ స్నాపర్లూ పౌర్ణమిని తప్పవు.


పోటుపాటు · శనివారం, రాత్రి 9:32

మోరియా సంగతి తెలీదు. దెబ్బ కొట్టారు.


సందేహం నా జన్మహక్కు · ఆదివారం, ఉదయం 10:05

వెలుతురంటే నాకో చిక్కు. వెలుతురుని లక్స్‌లలో కొలుస్తారు కదా, నిండు పౌర్ణమి వెన్నెల 0.3 లక్స్ దాటదు. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్. నీళ్లలోకి దిగేసరికి ఆ కాస్తా ఇంకా తగ్గుతుంది. పోనీ చేప కన్ను గట్టిదే అనుకుందాం, వారం రోజులు మబ్బు పడితే? వానాకాలంలో చంద్రుడే కనబడడు. చేప తిథి ఎలా లెక్క పెడుతుంది?


ఓటోలిత్ · ఆదివారం, మధ్యాహ్నం 12:40

అడగాల్సిన ప్రశ్నే. రెండు సంగతులున్నాయి.

ఒకటి, చేప వెన్నెలని పసిగట్టగలదు. ఒకినావాలోని ర్యూక్యూ విశ్వవిద్యాలయంలో అకిహిరో తకెమురా బృందం రాబిట్‌ఫిష్ మీద చాలా ఏళ్లు పనిచేసింది. రాత్రిపూట రక్తంలో మెలటోనిన్ కొలిచారు. చీకట్లో పెరిగి వెలుగులో తగ్గే హార్మోన్ అది. అమావాస్య రాత్రి ఎక్కువ, పౌర్ణమి రాత్రి తక్కువ. చేపకి కళ్లే కాదు, నడినెత్తిన పుర్రె కింద పీనియల్ గ్రంథి కూడా వెలుతురుకి స్పందిస్తుంది. రాత్రులన్నీ చీకటిగా గానీ, రాత్రులన్నీ వెన్నెలగా గానీ ఉంచి పెంచితే వాటి లయ చెదిరిపోయింది. మామూలుగా అందరికీ ఒకేసారి పక్వానికి వచ్చే గుడ్లు ఎవరిష్టం వాళ్లదైపోయాయి. అంటే వెలుతురు ఉండటం కాదు, రోజురోజుకీ మారడం కావాలి. ఆ మార్పు కూడా మనం అనుకునేంత మెల్లగా ఉండదు. అష్టమి నాడు చంద్రుడు సగం కనబడతాడు కదా, వెన్నెల కూడా సగం అనుకుంటాం. నిజానికి పౌర్ణమి వెన్నెలలో దాదాపు పదోవంతే.

రెండు, మబ్బు సంగతి. గుడ్లు ఒక్క రాత్రిలో తయారవవు. పచ్చసొన నిండటానికే రోజులూ వారాలూ పడుతుంది. కాబట్టి చంద్రుడు ఫలానా సాయంత్రం వచ్చి ‘ఇప్పుడు వదలండి’ అని చెప్పడు. ఒంట్లో తయారీ పనికి ముందే దారి చూపిస్తాడు. చివరి నిమిషం మాత్రం పొద్దుగూకడం, నీటి ఒరవడి, పక్కన జోడీ ఉండటం లాంటి వాటి చేతిలో ఉంటుంది. మధ్యలో రెండు రాత్రులు మబ్బు పట్టినా పని ఆగదు.

దీనికి తోడు, ఒంట్లోనే నెలసరి గడియారం ఉన్న జీవులు సముద్రంలో ఉన్నాయి. ప్లాటినెరీస్ అనే సముద్రపు పురుగుని ల్యాబులో కొన్ని రాత్రులు మసక వెలుతురులో ఉంచి, తరవాత ఆ వెలుతురు తీసేసినా, అది నెలల తరబడి అదే లయలో జతకట్టడానికి సిద్ధమవుతుంది. చేపల్లో ఇంత తేటగా తేలిన ఉదాహరణలు తక్కువ. రాబిట్‌ఫిష్ మెదడులో కాలాన్ని లెక్కపెట్టే జన్యువుల పని చంద్రకళలతో పాటు మారడం మాత్రం చూశారు.


తిథిలెక్క · ఆదివారం, మధ్యాహ్నం 3:15

పదోవంతు సంగతి నమ్మక లెక్క వెతికాను. నిజమే. పౌర్ణమి నాడు చంద్రుడి మీది గుట్టల నీడలు మనకి కనబడవు, అందుకే ఆ ఒక్క రోజు అంత మెరుపు. పౌర్ణమికి ఇటొక రోజు అటొక రోజు పోగానే వెన్నెల బాగా పడిపోతుంది. నెలలో అందరూ గుర్తుపట్టగలిగే రోజు ఏదైనా ఉందంటే ఇదే.


అలలబడి · ఆదివారం, సాయంత్రం 7:48

మీరంతా ఎందుకు, ఎలా అని కొట్టుకుంటున్నారు. పలావు దీవుల జాలరులకి ఎప్పుడు, ఎక్కడ అన్నది శాస్త్రం పుట్టకముందే తెలుసు. రాబర్ట్ యొహానెస్ అనే సముద్ర జీవశాస్త్రజ్ఞుడు 1970ల్లో వాళ్ల దగ్గర కూర్చుని రాసుకున్నాడు. ఏ చేప ఏ నెలలో, చంద్రుడు ఎలా ఉన్నప్పుడు, దిబ్బలో ఏ సందు దగ్గర చేరుతుందో వాళ్లు పదుల కొద్దీ జాతులకి గుక్కతిప్పుకోకుండా చెప్పారు. అప్పటికి శాస్త్ర పత్రికల్లో అచ్చయిన వివరాలకన్నా అవి చాలా ఎక్కువ.

ఆ తెలివే చేప కొంప ముంచుతుంది కూడా. నసావు గ్రూపర్ని చూడండి. విడిగా ఉంటే పట్టడం కష్టం. ఒంటరి చేప, తన బొరియ తనది. కానీ శీతకాలం పౌర్ణమికి వంద కిలోమీటర్లకు పైగా ఈదుకొచ్చి మరీ ఒకేచోట చేరుతుంది. తేదీ తెలుసు, చోటు తెలుసు, ఇక వల వేయడమే. కరీబియన్‌లోని లిటిల్ కేమన్ దీవి పడమటి కొసన అలాంటి గుంపు 2001లో బయటపడింది. దాదాపు 7,000 చేపలు. రెండు సీజన్లలో 4,000 దాకా పట్టేశారు.


సందేహం నా జన్మహక్కు · ఆదివారం, సాయంత్రం 8:20

మిగిలిన 3,000 సంగతి?


అలలబడి · ఆదివారం, సాయంత్రం 8:55

2003లో అక్కడ గుడ్ల వేళ వేట ఆపేశారు. అయినా సంఖ్య ఇంకా పడిపోయి, ఏళ్ల తరబడి కదలకుండా కూర్చుంది. ఈ చేప పెద్దవాడవడానికి చాలా ఏళ్లు పడుతుంది కాబట్టి ఫలితం వెంటనే రాదు. చివరికి ఒకటి రెండు సంవత్సరాల్లో పిల్లలు బాగా బతికి, పదిహేనేళ్లు తిరిగేసరికి గుంపు మూడింతలకు పైగా పెరిగింది. అదృష్టం అంటే అదే. చాలాచోట్ల గుంపులు ఖాళీ అయిపోయి మళ్లీ చేరనే లేదు. కొత్త చేపకి ఆ చోటు చూపించే పాత చేపలు మిగలకపోవడం కూడా ఒక కారణమని నా నమ్మకం.

చేపకి చేప కూడా శత్రువే అనుకోండి. ఫ్రెంచ్ పాలినీషియాలో ఫకరావా దక్షిణపు పాయలో జూన్, జూలై పౌర్ణమికి 17,000 దాకా గ్రూపర్లు చేరతాయి. వాటి కోసం దాదాపు 700 బూడిదరంగు సొరలు కాచుకుని ఉంటాయి. బెలీజ్‌లో గ్లాడెన్ స్పిట్ దగ్గర స్నాపర్లు పౌర్ణమి దాటిన రోజుల్లో గుడ్లు వదులుతుంటే తిమింగలపు సొరలు వచ్చి ఆ గుడ్ల మబ్బుల్ని నోరారా తాగి పోతాయి. సముద్రంలో అతి పెద్ద చేపకి కూడా తిథి తెలుసన్నమాట.


నీటిగది · ఆదివారం, రాత్రి 9:30

వినడానికే ఒళ్లు జలదరిస్తోంది. కానీ ఒకటి అర్థం కాలేదు. సొరలకి తెలుసు, ఫ్యూజిలియర్లకి తెలుసు, జాలరులకి తెలుసు. ఇంత మందికి తెలిసిన రోజునే గుడ్లు పెట్టడం చేపకి నష్టం కాదా? ఎవరికీ చెప్పకుండా ఎప్పుడో పెట్టుకోవచ్చుగా?


ఓటోలిత్ · సోమవారం, ఉదయం 6:50

తినేవాళ్ల కడుపు పట్టనంత ఒకేసారి వదిలితే మిగిలేవి మిగులుతాయన్నది ఒక జవాబు. విడివిడిగా బతికే చేపలకి జోడీ దొరకాలంటే ఏదో ఒక రోజు అనుకోవాలి కదా, దూరాన ఉన్నవాళ్లందరికీ ఒకేసారి కనబడే క్యాలెండర్ ఆకాశంలో అదొక్కటే అన్నది ఇంకో జవాబు. నసావు గ్రూపర్‌కి ఈ రెండోదే బాగా నప్పుతుంది.

కానీ నాకు అన్నిటికన్నా నచ్చేది పిల్లల వైపు నుంచి చూడటం. తల్లి గుడ్డు వదిలాక ఏమవుతుందన్నది మనం మరిచిపోతాం. ఆ పిల్ల వారాల తరబడి నడిసముద్రంలో తేలుతూ పెరిగి, తిరిగి ఏదో దిబ్బకి చేరాలి. ఆ రాక ఎక్కువగా చీకటి రాత్రుల్లోనే ఉంటుంది. వెన్నెల్లో వస్తే దిబ్బ మీది నోళ్లకి కనబడిపోతుంది.

ఇక్కడే నా పేరు పనికొస్తుంది. చేప తలలో, చెవి భాగంలో, చిన్న సున్నపు రాయి ఉంటుంది. అదే ఓటోలిత్. చెట్టుకి ఏడాదికో వలయం పడ్డట్టు లార్వాకి ఈ రాయిలో రోజుకో వలయం పడుతుంది. ఆవగింజకన్నా చిన్న రాయిని అరగదీసి, మైక్రోస్కోప్ కింద అంచు నుంచి మధ్యకి వేలితో లెక్కపెట్టినట్టు లెక్కపెడితే పుట్టిన తేదీ దొరుకుతుంది. వలయాల మధ్య ఎడం చూస్తే ఏ రోజు ఎంత పెరిగిందో కూడా తెలుస్తుంది.

మోరియాలో జెఫ్రీ షీమా బృందం 2017 ఫిబ్రవరి నుంచి జూన్ దాకా సిక్స్‌బార్ రాస్ గుడ్లనీ, తరవాత దిబ్బకి చేరిన పిల్లల చెవిరాళ్లనీ పక్కపక్కన పెట్టి చూసింది. ఎక్కువ గుడ్లు అమావాస్యకి పడ్డాయని ముందే చెప్పాను కదా. మరి బతికి దిబ్బకి చేరిన పిల్లల్లో ఎక్కువమంది ఎప్పుడు పుట్టారు? పౌర్ణమి దగ్గర. అంటే అతి తక్కువ గుడ్లు పెట్టిన రోజుల్లో.


పోటుపాటు · సోమవారం, ఉదయం 7:25

ఆగండాగండి. అయితే తల్లిచేపలు తప్పు రోజున పెడుతున్నాయా?


ఓటోలిత్ · సోమవారం, ఉదయం 8:00

నేనూ చదివినప్పుడు అలాగే అనుకున్నాను. కథ అక్కడ ఆగదు. అమావాస్యకి పుట్టి బతికిన కొద్దిమంది, దిబ్బకి చేరేటప్పటికి వయసులోనూ ఒంట్లోనూ పెద్దవాళ్లు. ఆ పెద్దరికం దిబ్బ మీద పెద్దయ్యేదాకా వాళ్లకి అక్కరకొచ్చింది. అంటే పౌర్ణమి పిల్లలు సముద్రం దాటడంలో గట్టివాళ్లు, అమావాస్య పిల్లలు దాటాక నిలదొక్కుకోవడంలో గట్టివాళ్లు. పైగా పిల్లలకీ కొంత తెలివి ఉంది. పుట్టిన రోజుని బట్టి చూస్తే వెన్నెల్లో దిబ్బకి చేరాల్సినవి కాస్త ముందో వెనకో జరుపుకుని చీకటి రాత్రుల్లో చేరుతున్నాయి.

వెన్నెలకీ ఎదుగుదలకీ ఉన్న లంకె ఇంకా తమాషా. ఈ లార్వాలు బాగా పెరిగేది పౌర్ణమికీ కాదు, అమావాస్యకీ కాదు. బహుళ అష్టమి ప్రాంతంలో, అంటే రాత్రి మొదటి సగం చీకటి, రెండో సగం వెన్నెల ఉన్నప్పుడు. షీమా బృందం ఊహ ఏమిటంటే, చీకటి పడగానే లోతుల్లోంచి ప్లవకాలూ చిన్న రొయ్యల్లాంటివీ పైకి వస్తాయి, లార్వాలకి విందు. వాటి వెనకే వాటిని తినేవీ, లార్వాల్ని తినేవీ వస్తాయి. అర్ధరాత్రి చంద్రుడు లేవగానే వెలుతురుకి భయపడి ఆ పెద్దవాళ్లు పైకి రావడం తగ్గిస్తారు. తిండి ముందే వచ్చేసింది, శత్రువు వెనక్కి తగ్గాడు, మిగిలిన రాత్రి వెన్నెల్లో తినడమే. ఆ రాత్రులు మబ్బు పడితే ఎదుగుదలలో ఆ లాభం తగ్గడం కూడా చెవిరాళ్లలో కనబడింది. సందేహం గారూ, మీ మబ్బు చివరికి ఇక్కడ తేలింది.


సందేహం నా జన్మహక్కు · సోమవారం, ఉదయం 9:12

తేలింది. ఇక నోరెత్తను. ఈ పూటకి.


లోతునీళ్లు · సోమవారం, సాయంత్రం 5:40

అసలు విషయం మరిచిపోకండి, నీటిగది గారి లైటు. 2019లో ఇదే ఓసెల్లారిస్ క్లౌన్ ఫిష్ మీద ఒక ప్రయోగం అచ్చయింది. రాత్రిపూట కృత్రిమ వెలుతురు పెట్టి పెంచారు. గుడ్లు పెట్టడం తగ్గలేదు. ఫలదీకరణ తగ్గలేదు. పొదగడం మాత్రం సున్నా. ఒక్క గుడ్డు కూడా పగల్లేదు. తీరంలో దీపాల వెలుగు దిబ్బ మీద పడితే ఏమవుతుందో చూద్దామని చేసిన పని అది. మీరు ఇంట్లో తెలియకుండానే అదే చేశారు.


నీటిగది · సోమవారం, రాత్రి 11:20

ఆ దీపం పెట్టెలో పడేశాను. ‘చేపలకి సహజ వాతావరణం’ అని డబ్బా మీద పెద్ద అక్షరాలు! ఇంకో సంగతి. ఈ సాయంత్రమే ఎనిమిదో బ్యాచ్ పెట్టింది. 13 రోజుల తేడా. తిథిలెక్క గారూ, ఇది ఎక్కడ పడింది?


తిథిలెక్క · మంగళవారం, ఉదయం 6:30

ఆరో బ్యాచ్‌కి ముందొచ్చిన పౌర్ణమి నుంచి లెక్కేస్తే 33 రోజులు, ఒక నెల తీసేస్తే మూడున్నర. అంటే పౌర్ణమి వెళ్లిన మూడు నాలుగు రోజులకి. చుట్టంతా తిరిగి మొదటి చోటు దగ్గరకే వచ్చింది. మళ్లీ చంద్రుడి పనే అంటే మాత్రం ఊరుకోను.


నీటిగది · బుధవారం (వారం తరవాత), ఉదయం 5:55

నిన్న ఎనిమిదో రాత్రి. సాయంత్రం ఏడింటికి అన్ని లైట్లూ ఆర్పి, ట్యాంకు చుట్టూ దుప్పటి కట్టాను. ఇంట్లోవాళ్లు చీకట్లో అన్నం తిన్నారు, ఏమీ అనలేదు, ముఖాలు కనబడలేదు కాబట్టి నాకు తెలియదు. ఎనిమిదిన్నరకి ఆగలేక చిన్న టార్చి మీద వేలు అడ్డం పెట్టి ఎర్రగా ఒక్క చుక్క వెలుతురు పడేలా చూశాను. గుడ్లున్న చోట రాయి బోసిగా ఉంది. టెన్షన్‌తో టార్చి పైకి తిప్పాను. నీళ్లపైన ఒక మూల తల వెంట్రుక ముక్కల్లా కదులుతున్నాయి. ఒక్కొక్కదానికి రెండు వెండి కళ్లు. నూట ముప్పై దాకా లెక్కపెట్టి వదిలేశాను.

ఇప్పుడు కొత్త గొడవ. పిల్లలకి మేతగా పెంచే రోటిఫర్లు (కంటికి ఆనని నీటి జీవులు) సిద్ధంగా ఉన్నాయి కానీ కల్చర్ పల్చగా ఉంది. ఇంత మందికి రేపటిదాకా చాలుతుందా?


లోతునీళ్లు · బుధవారం, ఉదయం 6:10

చాలదు. నీళ్లకి పచ్చ రంగు వచ్చేదాకా ఆల్గే వేసి, కల్చర్ని ఇప్పుడే రెండుగా విడదీయండి. పిల్లల తొట్టిలో వెలుతురు ఇక ఆర్పకండి, చూడలేకపోతే తినలేవు.


నిర్వాహకుడు · బుధవారం, ఉదయం 9:00

రోటిఫర్ల మీద ప్రశ్నల్ని ‘పిల్లల పెంపకం’ విభాగంలోకి మారుస్తున్నాను. చంద్రుడి చర్చ ఇక్కడే తెరిచి ఉంటుంది.